శివారుకు నీరు: బందరు జాతీయ కళాశాల నుంచి ఇంటర్ గ్రూపుల దాకా

(స్మారక ఉపన్యాసం – ముద్రిత పాఠం)

ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో ఆయన్ని నేను పేరు పెట్టి చెప్పలేను. నోరు రాదు. మా ఊళ్లో ఆయన లెక్కల మాస్టారు, అంతే. పోస్టు మీద కూడా "లెక్కల మాస్టారుగారికి" అని రాస్తే చేరేది. మాది దివిసీమలో కాలువ చివరి ఊరు. వేసవి దాటాక బెజవాడలో బ్యారేజీ దగ్గర కాలువలకు నీరు వదిలారని పేపర్లో పడగానే డెల్టా అంతా సంబరపడేది. మా ఊళ్లో మాత్రం సంబరం ఉండేది కాదు. మాస్టారి నాన్నగారు గొడుగు పట్టుకుని చేను గట్టు దాకా పోయి, పిల్లకాలువలోకి తొంగి చూసి వచ్చేవారట. "వదిలారు సరే, శివారుకి చేరిందా?" అన్నది ఆ ఇంట్లో ఊతపదం.

మాస్టారు ఆ మాటను బళ్లోకి తెచ్చారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున ఊళ్లో ప్రతి గుమ్మం ముందూ ఒకటే ప్రశ్న: "ఏ గ్రూపు?" ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా? మాస్టారు వరండాలో కూర్చుని ఇంకో ప్రశ్న వేసేవారు. "గ్రూపు సరే నాయనా, అది ఎక్కడిదాకా పారుతుంది?" అప్పట్లో మాకు అర్థమయ్యేది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాక ఇప్పుడు కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆయన ప్రశ్నకు ఆలస్యంగా దిద్దుకున్న జవాబు.

పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలో ఏ పుస్తకం పెట్టాలి, ఏ పనిముట్టు పెట్టాలి అన్న విషయం మీద కృష్ణా డెల్టా నూటపాతికేళ్లుగా తర్జనభర్జన పడుతోంది. అందులో ఒక గొప్ప ప్రయత్నం బందరులో జరిగింది. దాని కథతో మొదలుపెట్టి ఇంటర్ గ్రూపుల మీదుగా వస్తాను. దారిలో ఒకసారి స్వీడన్ దేశానికి తీసుకుపోతాను. ఎందుకో అక్కడికి వెళ్లాక మీకే తెలుస్తుంది.

ఒకటి: బందరు

మచిలీపట్నంలో ఇంగ్లీషు చదువు 1843లో రాబర్ట్ నోబుల్ దొర పెట్టిన బడితో వేళ్లూనుకుంది. ఆ బడే నోబుల్ కాలేజీ అయింది. తర్వాత పద్నాలుగేళ్లకు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. దాంతో డెల్టాలో చదువుకు తిన్నని కాలువ తవ్వినట్టయింది: మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ., బి.ఏ., ఆపైన ఉద్యోగం, లేదా ప్లీడరీ. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు కాబట్టి అందరూ అందులోకే దిగారు. తహసీల్దారు కచేరీ దాకా, జిల్లా కోర్టు దాకా నీరు నిండుగా పారింది. సాలె మగ్గం దగ్గరికి, కొలిమి దగ్గరికి, చేలోకి మాత్రం పారలేదు. దాన్ని అందుకోసం తవ్వలేదు కనుక పారలేదు.

1905లో బెంగాల్ విభజన జరిగింది. మరుసటి ఏడు కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటనకు వచ్చారు. విశాఖ, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ మీదుగా బందరు చేరారు. వెంట ఉండి నడిపించినవారు కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారు. పాల్ ఉపన్యాసాలు విని జనం విదేశీ గుడ్డలు తగలబెట్టారన్నది చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. బందరులో అంతకంటే నిదానంగా కాలే నిప్పు ఒకటి రాజుకుంది: మన బడి మనం పెట్టుకోవాలి అన్నది.

ముగ్గురు దాన్ని తలకెత్తుకున్నారు. ముట్నూరివారి చేతిలో పత్రిక ఉంది. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారికి ఊళ్లో వైద్యుడిగా పేరుంది, లెక్కలు తేల్చే బుర్ర ఉంది. తర్వాత 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆయనే. మూడోవారు కోపల్లె హనుమంతరావుగారు. న్యాయశాస్త్రం చదివి కూడా కోర్టును కాదనుకుని కళాశాలకే తనను ఇచ్చేసుకున్నారు. ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. 1910 మార్చి 27న ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. సర్కారు గ్రాంటు అడగకుండా, సర్కారు పరీక్షకు తలవంచకుండా నడవాలన్నది సంకల్పం.

పేరు కళాశాల అయినా అది బడీ, కర్మాగారమూ, చిత్రశాలా కలిసిన ప్రాంగణం. ఒక వైపు భాషలు, చరిత్ర, శాస్త్రాలు. ఇంకో వైపు మగ్గాలు, వడ్రంగం, ఇనుప పని, యంత్ర విద్య. పద్యం చదివిన పిల్లవాడే రంపం పట్టాలి, రంపం పట్టినవాడికి పద్యం రావాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒకే గేటులోపల అకడమిక్, వొకేషనల్ రెండూ ఉన్నాయి. రెండింటి మధ్య గోడ లేదు.

అక్కడ పనిచేసిన మనుషుల్ని చూస్తే ఆ చదువు ఆకారం తెలుస్తుంది. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు అక్కడ పాఠాలు చెప్పారు. ఆయన చేతిలో ఎన్ని విద్యలున్నాయో ఊళ్లోవాళ్లు పెట్టిన పేర్లే చెబుతాయి: పత్తి మీద ప్రయోగాలు చేస్తే పత్తి వెంకయ్య, జపాను భాష మాట్లాడితే జపాన్ వెంకయ్య, వజ్రాల శాస్త్రం చదివితే డైమండ్ వెంకయ్య. 1916లో జాతీయ పతాకం ఎలా ఉండాలో చెబుతూ పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడినప్పుడు గాంధీగారికి జెండా నమూనా అందించిన చేయి అదే. ఈ మనిషి ఏ గ్రూపు? ఎంపీసీయా, అగ్రికల్చరా, హిస్టరీయా? చెప్పండి చూద్దాం.

చిత్రలేఖనం నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద కుమార ఛటర్జీ వచ్చారు. ఆయన దగ్గర కుంచె పట్టినవారిలో అడివి బాపిరాజుగారు ఒకరు. బాపిరాజుగారు చదివింది లా, గీసింది బొమ్మలు, రాసింది నవలలు, పాడింది పాటలు. 1934 నుంచి కొన్నేళ్లు ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. నవలాకారుడైన చిత్రకారుడు ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీ మన డెల్టాలో ఒకటి ఉండేదని ఈ తరం పిల్లలకు చెప్పాలి.

మరి ఏమైంది? కోపల్లె హనుమంతరావుగారు 1922లో, నలభైల్లోనే పోయారు. తిరిగి చందాలు తెచ్చే కాళ్లు ఆగిపోయాయి. సహాయ నిరాకరణ వేడిలో పిల్లలు వచ్చారు, వేడి తగ్గాక తగ్గారు. కానీ అసలు చిక్కు డబ్బు ఒక్కటే కాదు. ఆ చదువు పూర్తి చేసిన పిల్లవాడు గుమ్మం దాటి ఎక్కడికి పోవాలి? విశ్వవిద్యాలయం వాణ్ని గుర్తించదు. కచేరీ వాణ్ని పిలవదు. బోధన గొప్పది, బోధకులు గొప్పవారు, అయినా కాలువ ప్రహరీ దగ్గరే ఆగిపోయింది. దేశం కోసం కష్టాన్ని కొనితెచ్చుకున్న కుటుంబాలు కొన్ని పిల్లల్ని పంపాయి. తక్కిన ఊరు తన పిల్లల్ని పరీక్ష ఉన్న చోటికే పంపింది. ఆ ఊరిని నేను తప్పుపట్టను. శివారు రైతు నీళ్లు వచ్చే కాలువ కిందే నారు పోస్తాడు.

కాలక్రమంలో ఆ ప్రాంగణం కూడా విశ్వవిద్యాలయం గొడుగు కిందికి చేరింది. ఇవాళ బందరులో ఏజే కళాశాల అంటే అందరికీ తెలిసిన డిగ్రీ కాలేజీ. పేరులో "జాతీయ" అలాగే ఉంది.

రెండు: గ్రూపుల పుట్టుక

కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. రెండు పంటలు పండిన డెల్టా మిగులు డబ్బుతో ఏం చేసిందని అడిగితే రైసుమిల్లులు కట్టింది, సినిమాలు తీసింది, కాలేజీలు పెట్టింది అని చెప్పాలి. 1937లో బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కాలేజీ వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణగారు ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పిన గదులు అక్కడివి. 1950లో గుడివాడలో కాలేజీ లేస్తే అక్కినేని నాగేశ్వరరావుగారు విరాళమిచ్చారు, ఆయన పేరే దానికి పెట్టారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే జెసూట్ ఫాదర్లు ఆంధ్ర లయోలా తెరిచారు. ఇవన్నీ మంచి కాలేజీలు. అన్నీ ఒకే కాలువ మీది తూములు: పైన డిగ్రీ, కింద దానికి సిద్ధం చేసే ఒకటి రెండేళ్లు.

ఆ కింది భాగం పేరు మారుతూ వచ్చింది. మా తాతల నాడు ఎఫ్.ఏ. తర్వాత ఇంటర్మీడియట్. మా అన్నల నాడు ఏడాది పి.యు.సి. 1969-70 నుంచి పదో తరగతి తర్వాత రెండేళ్ల ఇంటర్మీడియట్ మళ్లీ వచ్చింది. 1971లో చట్టం చేసి ఇంటర్మీడియట్ విద్యామండలిని ఏర్పాటు చేశారు. అప్పటినుంచీ ఆ రెండేళ్లు అటు బడీ కాదు, ఇటు కాలేజీ కాదు. పిల్లలు కాలేజీ అంటారు, చెప్పేవాళ్లం లెక్చరర్లమంటాం, వయసు చూస్తే ఇంకా బడి వయసే. నూనూగు మీసాల ఆ రెండేళ్లలోనే మన దగ్గర జీవితం గ్రూపులుగా విడిపోతుంది.

1986 ఈ కథలో పెద్ద మలుపు. ఆ ఏడు రెండు జరిగాయి. ఒకటి ఢిల్లీలో: జాతీయ విద్యా విధానం వచ్చింది. పదకొండు, పన్నెండు చదివే పిల్లల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని గీత గీసింది. రెండోది మన రాష్ట్రంలో: ఎంసెట్ మొదలైంది. ఇంజనీరింగుకీ మెడిసిన్‌కీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, దాని చివర ర్యాంకు.

ఏది గెలిచిందో చెప్పడానికి కమిషన్ వెయ్యక్కర్లేదు. ఢిల్లీవారి గీతను 1992లోనే వెనక్కి జరపాల్సి వచ్చింది: 10 శాతం 1995కి, 25 శాతం 2000కి అన్నారు. ఎంసెట్ మాత్రం ఎవరూ తోయకుండానే ముందుకు పరిగెత్తింది. 1977లోనే బెజవాడ పక్కన కానూరులో ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ, వి.ఆర్. సిద్ధార్థ, మొదలై ఉంది. ర్యాంకుకు అవతలి ఒడ్డున సీటుంది, సీటుకు అవతల ఉద్యోగముంది, కొన్నాళ్లకు ఉద్యోగానికి అవతల అమెరికా కూడా కనిపించింది. కాలువ ఇంత దూరం పారుతుంటే ఎవరు ఆగుతారు? బెజవాడ చుట్టూ పొలాల్లో హాస్టళ్లు లేచాయి. స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, బెంజి సర్కిల్ దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పిల్లలు ట్రంకు పెట్టెలతో మన బస్టాండులో దిగారు.

తిట్టడం తేలిక. ఆ హాస్టళ్లలోంచే కూలివాళ్ల పిల్లలు డాక్టర్లయ్యారు. నా శిష్యుల్లోనే ఉన్నారు. నిద్రలేక కళ్లు గుంటలు పడ్డ పిల్లల్నీ చూశాను. రెండూ నిజాలే. నా పాయింటు వేరు. ఒక్క కాలువలోకి డెల్టా నీరంతా తిప్పితే అది గట్టు తెగేలా పారుతుంది, తక్కిన బోదెలు ఎండుతాయి.

మూడు: 1971లోనే, ఇంకో దేశం

మన ఇంటర్ బోర్డు చట్టం వచ్చిన 1971లోనే స్వీడన్ దేశం ఒక పని చేసింది. అప్పటిదాకా అక్కడ తొమ్మిదో తరగతి దాటిన పిల్లలకు మూడు రకాల బళ్లుండేవి: విశ్వవిద్యాలయానికి పోయేవాళ్లకొకటి, మధ్యస్థంగా ఒకటి, చేతిపని నేర్చేవాళ్లకొకటి. ఆ మూడింటినీ కలిపి ఒకే బడి చేశారు. దాని పేరులో యిమ్నాసియం అన్న మాట ఉంటుంది. కసరత్తులు చేసే జిమ్ము కాదు, పదహారు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల బడి. మన ఇంటర్ కంటే ఒక ఏడాది ఎక్కువ, మూడేళ్లు.

2011లో దాన్ని మళ్లీ సర్ది 18 జాతీయ ప్రోగ్రాములు పెట్టారు. మన గ్రూపుల్లాంటివే. ఆరు ఉన్నత చదువుకు దారితీసేవి: ప్రకృతి శాస్త్రాలు, సాంకేతికం, సామాజిక శాస్త్రాలు, ఆర్థికం, మానవీయ శాస్త్రాలు, కళలు. కళలు కూడా ఒక గ్రూపే. బాపిరాజుగారు వింటే సంతోషించేవారు. మిగతా పన్నెండూ వృత్తులు: భవన నిర్మాణం, కరెంటు పని, వాహనాలు, వంట, ఆరోగ్య సేవ, పొలమూ అడవీ పశువులూ, హస్తకళలు, ఇలా. వృత్తి ప్రోగ్రాములో చేరిన పిల్లవాడు మూడేళ్లలో కనీసం 15 వారాలు నిజమైన పనిచోటికి వెళ్లి నేర్చుకోవాలి. బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా ఫీజు పుచ్చుకోకూడదు. 1992 నుంచి ప్రైవేటు బళ్లకూ పిల్లవాడి లెక్కన ప్రజాధనమే వెళ్తుంది.

అది స్వర్గం అని చెప్పడానికి మిమ్మల్ని అక్కడికి తీసుకుపోలేదు. వాళ్లు చేసిన ఒక తప్పు చూపిద్దామని తీసుకువెళ్లాను. 1990లలోని సంస్కరణ తర్వాత అక్కడ వడ్రంగం చదివినా, వంట చదివినా, మూడేళ్లూ పూర్తిచేస్తే విశ్వవిద్యాలయంలో చేరే కనీస అర్హత వచ్చేది. 2011లో ఆ అర్హతను వృత్తి ప్రోగ్రాముల నుంచి ఊడదీశారు. కావలసినవాడు అదనంగా కొన్ని కోర్సులు ఎంచుకుని సంపాదించుకోవచ్చన్నారు. ఏమైంది? వృత్తి ప్రోగ్రాములకు వచ్చే పిల్లలు తగ్గిపోయారు. కొలిమి అదే, పరికరాలు అవే, మాస్టార్లు వాళ్లే. పదిహేనేళ్ల పిల్లవాడూ వాడి తల్లీ చూసింది మాత్రం ఒక్కటే: ఈ కాలువకు చివర అడ్డుకట్ట వేశారు.

పన్నెండేళ్లకు దిద్దుకున్నారు. 2023 నుంచి ఆ అర్హతకు కావలసిన చదువు వృత్తి ప్రోగ్రాములో మామూలుగానే కలిసి ఉంటుంది. వద్దనుకున్నవాడు వదులుకోవచ్చు. ఇంతకుముందు అడిగితేనే ఇచ్చేవారు, ఇప్పుడు అడగకుండానే వడ్డిస్తారు. పెళ్లి భోజనాలకు వెళ్లిన ఎవరికైనా ఈ రెండింటికీ తేడా తెలుసు.

నాలుగు: మన శివారు

ఇక మన దగ్గరికి రండి. ఇంటర్ బోర్డు కిందే మనకూ వృత్తి కోర్సులున్నాయి. ఈ సభలో ఎంతమందికి వాటి పేర్లు తెలుసో చేతులెత్తమంటే నాకే బాధగా ఉంటుంది కనుక అడగను. పంటల సాగు, చేపల పెంపకం, పశుపోషణ, ల్యాబ్ టెక్నీషియన్, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్, ఎలక్ట్రికల్ టెక్నీషియన్, ఆటోమొబైల్, నిర్మాణ సాంకేతికం, అకౌంట్లు, దుస్తుల డిజైను. ఆన్ ద జాబ్ ట్రైనింగ్ పేరుతో పనిచోట శిక్షణ కూడా ఉంది. కాగితం మీద చూస్తే స్వీడన్ వాళ్ల పట్టికకు పెద్దగా తీసిపోదు. కైకలూరు చెరువుల పక్కన ఫిషరీస్ కోర్సు, బెజవాడ ఆటోనగర్ పక్కన ఆటోమొబైల్ కోర్సు కంటే సహజమైనది ఏముంది?

ఆటోనగర్ అంటే గుర్తొచ్చింది. ఒక లారీ ఛాసిస్ మీద బాడీ కట్టడం చూడండి. టేకు దుంగ కోసేవాడు, వెల్డింగు వాడు, టింకరింగు, పెయింటు, వైరింగు, సీట్ల వాడు. కొలతలన్నీ మేస్త్రీ బుర్రలోనే. వాటంతో బరువు ఎక్కడ పడుతుందో చెబుతాడు. ఫిజిక్సు లెక్చరర్లు బోర్డు మీద సెంటర్ ఆఫ్ గ్రావిటీ అని రాసేది అదే. ఆ మేస్త్రీ దాన్ని బళ్లో నేర్చుకోలేదు. పదేళ్ల వయసులో హెల్పరుగా చేరి, స్పానరు అందిస్తూ, మొట్టికాయలు తింటూ నేర్చుకున్నాడు. ఆ విద్య డెల్టా దాటి దేశమంతా తిరుగుతోంది, దానికి సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఇవ్వగలిగిన కోర్సు అక్కడికి రెండు వీధుల అవతల ఉన్నా, మేస్త్రీ కొడుకు ఎంపీసీలో చేరతాడు. ఆ వృత్తి కోర్సులో ఎందుకు చేరడు?

ఎందుకంటే మన వృత్తి కోర్సు చదివినవాడు బి.టెక్‌కో, బి.ఎస్.సి.కో పోవాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, లేదా బయాలజీ, విడిగా చదివి విడిగా పాసవ్వాలి. బ్రిడ్జి అనే పేరులోనే ఉంది, మధ్యలో కాలువ ఉందని. దారి పూర్తిగా మూసేశారని అనడం అన్యాయం. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి లాటరల్ ఎంట్రీ ఉంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బి.టెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తెలిసినవాడికి సందులు చాలా ఉన్నాయి. కానీ సందు తెలియడానికి ఇంట్లో చదువుకున్నవాడు ఉండాలి. వృత్తి కోర్సుకు ఎక్కువగా వచ్చేది అలాంటి వాడెవడూ లేని ఇళ్ల పిల్లలే. అడిగినవాడికే వడ్డించే పద్ధతి అంటే ఇదే. స్వీడన్ వాళ్లు 2011లో చేసి 2023లో దిద్దుకున్న తప్పును మనం మొదటినుంచీ చేస్తున్నాం, ఇంకా దిద్దుకోలేదు.

అందుకే నా విన్నపం చిన్నది. కొత్త కోర్సులు వద్దు, కొత్త భవనాలు వద్దు. బ్రిడ్జి కోర్సును వృత్తి కోర్సులోకే కలిపెయ్యండి. అది లేకుండా సర్టిఫికెట్ కావాలనుకున్నవాడు వద్దని రాసిచ్చి వదులుకోనివ్వండి. పీరియడ్లు పెరుగుతాయి, లెక్కల లెక్చరర్లు కావాలి, మూడో ఏడాది అవసరం పడినా పడొచ్చు. ఖర్చు లేదని చెప్పను. కానీ చేపల కోర్సు చదివిన కైకలూరు పిల్ల రేపు మత్స్యశాస్త్రం డిగ్రీకి వెళ్లొచ్చని వాళ్లమ్మకు చేరిన రోజు ఆ కోర్సులో సీట్లు నిండుతాయి. బందరు జాతీయ కళాశాలకు డబ్బు కంటే ఎక్కువగా కరువైంది అలా ముందుకు పోయే దారే.

ఐదు: నీలి తరక

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటర్ సెకండియర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు ముప్పై మార్కులు. అందులో సాల్ట్ అనాలిసిస్ ఉంటుంది. తెల్లటి పొడి ఇస్తారు, అందులో ఏముందో కనిపెట్టాలి. నేను కొంతకాలం పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలు టెస్ట్ ట్యూబు పట్టుకునేది పరీక్షకు వారం ముందు. రికార్డులు అప్పటికే నిండి ఉండేవి, చూసి రాసుకున్నవి. తప్పు ఆ కాలేజీదే అనను. ఆ వారం కూడా దొరకని చోట్లున్నాయి. అక్కడ జీతం తీసుకున్నవాణ్ని, నాదీ ఉంది.

ఆ వారంలో ఒకరోజు అల్యూమినియం టెస్టు చేయిస్తున్నాను. సాల్టు ద్రావణంలో ఆమ్లం, రెండు చుక్కల నీలి లిట్మస్. ఎర్రబడుతుంది. ఇక అమోనియాను చుక్క చుక్కగా గోడ వెంట జారవిడవాలి. తొందరపడితే పోతుంది. ఒక చుక్క దగ్గర ఉన్నట్టుండి నీలం రంగంతా ఒక మెత్తటి తరకలోకి చేరిపోయి, చుట్టూ నీళ్లు తేటగా మిగులుతాయి. లేక్ టెస్ట్ అంటాం. తక్కిన పిల్లలు "వచ్చింది సార్" అని రాసుకున్నారు. వెనక బల్ల దగ్గర ఒక కుర్రవాడు ట్యూబును వెలుగులోకి ఎత్తి అలాగే చూస్తున్నాడు.

"సార్, ఇది మా అద్దకమే కదండీ."

పెడన కుర్రవాడు. ఇంట్లో కలంకారీ అద్దుతారు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టడం, టేకు అచ్చుతో పటిక అద్దడం, కాలవలో జాడించడం, రాగి కాగులో రంగుతో ఉడకబెట్టడం వాడికి పుట్టినప్పటినుంచీ తెలుసు. "పటిక పడ్డ చోటే రంగు పట్టుద్దండి, మిగతా చోట ఉతికితే పోద్ది. ఇక్కడ కూడా ఆ తరకే పట్టుకుంది, నీళ్లు వదిలేసినయ్" అన్నాడు. పటికలో ఉన్నది అల్యూమినియమే. నేను మోర్డెంట్ అనే మాటను ఏళ్ల తరబడి టెక్స్టు బుక్కులోంచి చెప్పాను. అది రంగును ఎలా పట్టుకుంటుందో ఆ రోజు ఒక పిల్లవాడి కళ్లలోంచి మొదటిసారి చూశాను. పెడన నుంచి బందరు ఎంత దూరం? బస్సెక్కితే అరగంట. 1910లో కోపల్లెవారు గీసుకున్న బడి బొమ్మ ఆ వెనక బల్ల దగ్గర ఒక్క నిమిషం పాటు నిజమైంది.

ఆ తర్వాత బెల్లు కొట్టారు. రికార్డులో ఆ పేజీకి మూడు గడులుంటాయి: ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. కుర్రవాడు తల వంచుకుని అందరూ రాసిందే రాశాడు. ముప్పైకి ముప్పై వచ్చాయి. వాడన్న మాట రాయడానికి నాలుగో గడి లేదు, గీసుకోమని చెప్పాలని నాకూ తోచలేదు.

మాస్టారుంటే గొడుగు పట్టుకుని ఆ బల్ల దాకా నడిచి వచ్చేవారు.